న్యాయవిద్యార్థి తీర్పు వ్యాఖ్య: పత్రికా సమర్పణ, రచనారూపం, భాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

న్యాయకళాశాలల పత్రికలకు విద్యార్థులు పంపే రచనలలో తీర్పు వ్యాఖ్యకు ప్రముఖస్థానం ఉంది. న్యాయశాస్త్ర బోధనలో దానిని ఒక అభ్యాసంగా మాత్రమే చూస్తున్నారు. ఈ వ్యాసం దానిని ఒక గద్యప్రక్రియగా పరిశీలిస్తుంది. పత్రికకు సమర్పించే పద్ధతి ఆ రచన వాక్యాన్ని, వాదక్రమాన్ని, రచయిత స్వరాన్ని ఎలా తీర్చిదిద్దుతున్నదో వివరిస్తుంది. 1997 నాటి సమత తీర్పును ఆధారం చేసుకుని, తెలుగునేల మీద పుట్టిన వివాదానికి తెలుగులో వ్యాఖ్య లేకపోవడం వల్ల మరుగున పడుతున్న ప్రశ్నలను చర్చిస్తుంది.

కీలకపదాలు: తీర్పు వ్యాఖ్య, న్యాయపత్రిక, విద్యార్థి సంపాదకత్వం, అధోజ్ఞాపిక, పూర్వపక్షం, సమత తీర్పు, న్యాయ తెలుగు.

1. ఉపోద్ఘాతం

తెలుగువారికి వ్యాఖ్యానం కొత్త విద్య కాదు. కాళిదాసు కావ్యాలను లోకానికి విప్పిచెప్పిన మల్లినాథసూరి కొలిచెలమవాడు. అయితే వ్యాఖ్యానం అనగానే కావ్యం స్ఫురిస్తుందే తప్ప వ్యవహారశాస్త్రం స్ఫురించదు. నిజానికి 13వ శతాబ్దంలోనే కేతన ఆ పని చేశాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను ఆధారం చేసుకుని ‘విజ్ఞానేశ్వరీయము’ను తెలుగు పద్యాలలో రచించాడు. దశకుమారచరిత్రతో కథాకావ్యానికి, ఆంధ్రభాషాభూషణముతో వ్యాకరణానికి పూనుకున్న కవి, అప్పు, సాక్ష్యం, దాయభాగం వంటి విషయాలకూ తెలుగు పద్యం సరిపోతుందని నమ్మాడు. సాహిత్యచరిత్రలు కేతనను ‘అభినవదండి’గా చెప్పి తృప్తిపడుతున్నాయి. ఆయన చేసిన న్యాయవ్యాఖ్యాన పరిచయాన్ని తగినంతగా పట్టించుకోలేదు.

ఆ పరంపరకు నేటి రూపం ఎక్కడ ఉన్నదని వెతికితే తెలుగుశాఖలలో కనిపించదు. న్యాయవిశ్వవిద్యాలయాలలో, ఇంగ్లీషులో, ఇరవై ఏళ్ల విద్యార్థుల చేతుల్లో కనిపిస్తుంది. ఒక తీర్పును తీసుకుని, అందులోని వివాదాంశాన్ని విడదీసి, న్యాయమూర్తి తర్కాన్ని పరీక్షించి, తన అభిప్రాయాన్ని నిలబెట్టుకుని పత్రికకు పంపే రచనను వారు ‘కేస్ కామెంట్’ అంటారు. అమెరికాలో ‘నోట్’ అనీ అంటారు. ఆ పేరుతో తీర్పుకే పరిమితం కాని విద్యార్థి వ్యాసాలు కూడా వెలువడతాయి. ఈ వ్యాసంలో తీర్పు వ్యాఖ్య అన్న మాటనే వాడడం జరిగింది.

2. విద్యార్థి సంపాదకత్వం

విద్యార్థులే సంపాదకులై న్యాయపత్రికను నడపడం అమెరికాలో స్థిరపడిన పద్ధతి. హార్వర్డ్ న్యాయకళాశాలకు 1870లో డీన్‌గా వచ్చిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ ఉపన్యాసానికి బదులు తీర్పుల పఠనాన్ని బోధనకు కేంద్రం చేశాడు. తీర్పును విప్పి ప్రశ్నించడం తరగతిలో అలవాటైన విద్యార్థికి అదే పనిని రాతలో చేసే చోటు కావలసి వచ్చింది. హార్వర్డ్ లా రివ్యూ తొలి సంచిక 1887 ఏప్రిల్‌లో వెలువడింది. 1890 డిసెంబరులో అందులోనే శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ గోప్యతాహక్కుపై రాసిన వ్యాసం అచ్చయింది. అప్పటికి వారు విద్యార్థులు కారు, బోస్టన్‌లో న్యాయవాదులు. వారి వ్యాసానికి చోటిచ్చింది మాత్రం మూడేళ్ల వయసున్న విద్యార్థిపత్రిక.

ఈ వ్యాసం ప్రయాణంలో తెలుగువారికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది. 1962లో ఖరక్ సింగ్ కేసులో, రాజమహేంద్రవరం వాడైన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమని అల్పసంఖ్యాక తీర్పులో చెప్పారు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమికహక్కుగా గుర్తిస్తూ సుబ్బారావు దృష్టిని ఆమోదించింది, వారెన్–బ్రాండైస్ వ్యాసాన్నీ చర్చించింది. విద్యార్థులు ఎంపిక చేసి అచ్చువేసిన వ్యాసం 127 ఏళ్ల తరువాత మరో దేశపు సర్వోన్నత న్యాయస్థానంలో చర్చకు వచ్చింది. న్యాయవిద్యార్థి రచనను అభ్యాసపత్రంగా కొట్టిపారేసేవారు ఈ ఒక్క ఉదాహరణను ఆలోచించవచ్చు.

ఈ పద్ధతిని నిందించినవారూ ఉన్నారు. యేల్ ఆచార్యుడు ఫ్రెడ్ రోడెల్ 1936లో వర్జీనియా లా రివ్యూలో న్యాయపత్రికలకు వీడ్కోలు పలుకుతూ వ్యాసం రాశాడు. న్యాయరచనలో శైలీ బాగాలేదు, విషయమూ బాగాలేదన్నది ఆయన అభియోగం. 1962లో అదే పత్రికలో అదే విషయాన్ని ఆయన మళ్లీ ఎత్తుకున్నాడు. నిందకూ పత్రికే వేదిక కావడం ఇందులోని చమత్కారం. అనుభవం లేని విద్యార్థులు ఆచార్యుల రచనలకు తీర్పు చెప్పడమేమిటన్న ప్రశ్న అక్కడ నేటికీ ఆగలేదు.

భారతదేశంలో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ పత్రిక 1958లో మొదలైంది. అది పండితుల పత్రిక. విద్యార్థి సంపాదకత్వం ఇక్కడ వేళ్లూనుకున్నది జాతీయ న్యాయవిశ్వవిద్యాలయాలతోనే. బెంగళూరు నేషనల్ లా స్కూల్, కోల్‌కతాలోని ఎన్‌యూజేఎస్, హైదరాబాదులోని నల్సార్ మొదలైన చోట్ల విద్యార్థి సంపాదకవర్గాలు నడిపే పత్రికలు వచ్చాయి. తెలుగువారి రెండు రాష్ట్రాలలోనూ ఇప్పుడు ఇటువంటి విశ్వవిద్యాలయాలున్నాయి.

3. సమర్పణ అనే వడపోత

అమెరికాలో ప్రధానపత్రికలు విద్యార్థి ‘నోట్’ను సాధారణంగా తమ కళాశాల విద్యార్థుల నుంచే తీసుకుంటాయి. హార్వర్డ్ పత్రికలో విద్యార్థి రచనలకు పేరు కూడా ఉండదు. బయటి ఆచార్యులు మాత్రం ఒకే వ్యాసాన్ని ఒకేసారి అనేక పత్రికలకు పంపవచ్చు. ఒక పత్రిక అంగీకరిస్తే ఆ మాట చెప్పి, అంతకంటే పెద్ద పత్రికను త్వరగా తేల్చమని అడగవచ్చు. మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడి విద్యార్థిపత్రికలు ఇతర కళాశాలల విద్యార్థులకూ తలుపు తెరిచే ఉంచుతాయి, కానీ ఒక పత్రిక పరిశీలనలో ఉన్న రచనను మరొకదానికి పంపరాదని సాధారణంగా నియమం పెడతాయి. ఈ నియమం సమంజసమే. అయితే దాని భారమంతా విద్యార్థిదే. నెలల తరబడి జవాబు రాకపోతే తీర్పు పాతబడుతుంది. చట్టమే మారిపోవచ్చు. 2024 జూలై 1న భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చింది. అప్పటికి శిక్షాస్మృతి సెక్షన్లపై రాసి పరిశీలనలో ఉన్న రచనలను మళ్లీ సరిచూసుకోక తప్పలేదు. హత్యానేరానికి శిక్ష చెప్పే 302వ సెక్షన్ స్థానంలో 103 వచ్చింది. అంకె మారడం చిన్న విషయం. రాజద్రోహం వంటి చోట సెక్షన్‌లోని మాటలే మారాయి.

సమర్పణకు ముందు రచయిత పేరు, కళాశాల పేరు తీసివేయాలి. అజ్ఞాతపరిశీలన వల్ల పేరున్న కళాశాల విద్యార్థికీ, జిల్లాకేంద్రంలోని న్యాయకళాశాల విద్యార్థికీ ఒకే కొలత దక్కాలన్నది ఉద్దేశం. ఆచరణలో ఆంగ్లవాక్యమే కులగోత్రాలు చెబుతుంది. ఏ వాక్యం ఏ బడిలో నేర్చినదో పరిశీలకునికి తెలియకుండా ఉండదు. పేరును చెరిపేయవచ్చు గాని భాషను చెరిపేయలేరు.

ఇంతకంటే లోతైన ప్రభావం అధోజ్ఞాపికలది. న్యాయరచనలో ప్రతి ప్రతిపాదనకూ ఆధారం చూపాలి. అమెరికన్ విద్యార్థులు ఆధారాలు చూపే పద్ధతి కోసం 1926లో వెలువరించిన చిన్న పుస్తకం ‘బ్లూబుక్’ ఒక దశలో 500 పుటలు దాటింది. న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్ వంటివారు దానిని తీవ్రంగా ఎగతాళి చేశారు. ఆధారనియమం ఇంతగా పెరగడానికి కారణం విద్యార్థి సంపాదకత్వంలోనే ఉందనిపిస్తుంది. మూడో సంవత్సరం విద్యార్థికి ఆస్తిహస్తాంతరణ చట్టంపై వచ్చిన వాదం సరైనదా కాదా అని తేల్చే అధికారం తనకున్నదన్న నమ్మకం ఉండదు. కామా సరైన చోట ఉన్నదా, సంపుటి సంఖ్య సరిపోయిందా అన్నది మాత్రం నిశ్చయంగా చెప్పగలడు. అందువల్ల పరిశీలన సహజంగానే తేల్చగలిగిన దానివైపు మొగ్గుతుంది. రచయిత ఆ మొగ్గును పసిగట్టి తన సొంత ఆలోచనకు కూడా ఎవరిదో ఒక పేరు వెతుక్కుంటాడు. చివరికి ‘న్యాయమూర్తి ఇక్కడ పొరబడ్డారు’ అనవలసిన చోట ‘న్యాయమూర్తి మరింత విశదీకరించి ఉండవచ్చునని కొందరి అభిప్రాయం’ అన్న వాక్యం మిగులుతుంది. ఆ కొందరు ఎవరో అధోజ్ఞాపికలో ఉంటారు, రచయిత మాత్రం ఎక్కడా ఉండడు.

సంగ్రహంలో ‘ఈ అంశంపై ఇంతవరకు సమగ్ర పరిశీలన జరగలేదు’ అన్న వాక్యం రావడం మరొక లక్షణం. ఇది న్యాయవిద్యార్థుల సొంత జబ్బు కాదు. తెలుగు పరిశోధనపత్రాలు చదివేవారికి చిరపరిచితమే. రుసుము తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికల బెడద కూడా ఉభయులకూ సమానం కాబట్టి దానిపై ఇక్కడ విస్తరించనవసరం లేదు.

4. పూర్వపక్షం ఉన్న చోటు

తీర్పు వ్యాఖ్య నిర్మాణాన్ని న్యాయబోధకులు ‘ఐరాక్’ అన్న పొడి అక్షరాలతో నేర్పుతారు. వివాదాంశం, నియమం, అన్వయం, నిర్ణయం అన్నవి అందులోని నాలుగు మెట్లు. మన స్మృతులు వ్యవహారాన్ని నాలుగు పాదాలుగా చెప్పాయి: భాష, ఉత్తరం, క్రియ, సాధ్యసిద్ధి. వాది ఆరోపణ, ప్రతివాది జవాబు, రుజువు, నిర్ణయం అని వాటి అర్థం. రెండింటిలోనూ నాలుగే ఉన్నాయని పోల్చి సంబరపడడం తేలిక. తేడా మాత్రం స్పష్టం. స్మృతుల నాలుగు పాదాలలో రెండవది ఎదుటివాడిది. ఐరాక్‌లో ఎదుటివాడికి ప్రత్యేకస్థానం లేదు. మీమాంసకుల అధికరణంలోనైతే విషయం, సంశయం తరువాత పూర్వపక్షం తప్పనిసరి, ఆ తరువాతే సిద్ధాంతం. పూర్వపక్షాన్ని బలంగా చెప్పలేనివాడికి సిద్ధాంతం చెప్పే అర్హత లేదన్నది ఆ సంప్రదాయం.

తీర్పులో పూర్వపక్షం సాధారణంగా అల్పసంఖ్యాక న్యాయమూర్తి గొంతులో ఉంటుంది. విద్యార్థి వ్యాఖ్యలో ముందుగా నలిగిపోయేది కూడా ఆ గొంతే. ఈ విషయాన్ని సమత తీర్పు సాయంతో చూడవచ్చు.

విశాఖ మన్యంలోని అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాలలో గనుల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు ప్రభుత్వం లీజులిచ్చింది. ఆదివాసుల పక్షాన ‘సమత’ అనే స్వచ్ఛందసంస్థ న్యాయస్థానానికి వెళ్లింది. హైకోర్టులో ఫలితం దక్కలేదు. సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. వివాదమంతా ఒక పదం చుట్టూ తిరిగింది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1970 నాటి 1వ నిబంధన దానిని సవరించింది. మన్యంలో దీనిని ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనీ, ‘1/70 చట్టం’ అనీ అంటారు. ఏజెన్సీ ప్రాంతంలోని స్థిరాస్తిని ఒక ‘పర్సన్’, ఆ పర్సన్ ఆదివాసి అయినా కాకపోయినా, ఆదివాసికి లేదా కేవలం ఆదివాసులున్న సహకారసంఘానికి తప్ప ఇతరులకు బదిలీ చేస్తే అది చెల్లదని దాని సారాంశం. ప్రభుత్వం కూడా ‘పర్సన్’ అవుతుందా? అయితే ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన లీజులు చెల్లవు.

న్యాయమూర్తి కె. రామస్వామి తీర్పు అవుతుందని చెప్పింది. న్యాయమూర్తి సగీర్ అహమ్మద్ ఏకీభవించారు. ఐదవ షెడ్యూలు లక్ష్యం ఆదివాసుల భూమిని కాపాడడమైనప్పుడు, ఆ కాపుదల నుంచి ప్రభుత్వం తనను తాను మినహాయించుకోలేదన్నది వారి దృష్టి. న్యాయమూర్తి జి.బి. పట్నాయక్ అంగీకరించలేదు. ఆ నిబంధనలోని ‘పర్సన్’లో ప్రభుత్వం చేరదన్నారు. జనరల్ క్లాజెస్ చట్టం ఇచ్చే నిర్వచనంలో కంపెనీ, సంఘం, వ్యక్తుల సమూహం ఉన్నాయి గాని ప్రభుత్వం పేరు లేదన్న సంగతిని గుర్తుంచుకుంటే ఆయన పక్షాన్ని ఊరికే తోసిపుచ్చలేము.

ఈ తీర్పుపై వ్యాఖ్య రాసే విద్యార్థి ముందు రెండు దారులుంటాయి. తీర్పు ఆదివాసులకు మేలు చేసింది కనుక గొప్పదని చెప్పి, రాజ్యాంగపీఠికను స్మరించి ముగించడం ఒకటి. అటువంటి రచనలో పట్నాయక్ ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతారు. రెండవది కష్టమైన దారి. పట్నాయక్ వాదాన్ని పూర్తి బలంతో చెప్పి, అయినా రామస్వామి పఠనమే ఎందుకు నిలుస్తుందో చూపడం. 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టు సమత అధికసంఖ్యాక తీర్పుపై తనకు గట్టి సందేహాలున్నాయని చెప్పి, ఛత్తీస్‌గఢ్‌కు వర్తించే చట్టం వేరన్న కారణంతో పక్కకు తప్పుకుంది. ఆ సందేహాల మూలాలు పట్నాయక్ వాదాన్ని శ్రద్ధగా చదివినవారికే అందుతాయి. మేలుచేసిన తీర్పును పొగడడం కంటే, దానిమీద రాబోయే దాడిని ముందే ఊహించి దానికి గోడకట్టడం ఆ తీర్పుకు ఎక్కువ ఉపకారం. మన్యంలో భూమి ఉన్నవాడికి కావలసింది రెండో రకం వ్యాఖ్య.

విమర్శకు ఆ శక్తి ఉంటుందనడానికి మన దేశంలోనే నిదర్శనం ఉంది. మధుర అత్యాచార కేసులో 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పును తప్పుపడుతూ ఉపేంద్ర బక్షీ, వసుధ ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్, లతికా సర్కార్ 1979లో బహిరంగలేఖ రాశారు. వారు అధ్యాపకులు, విద్యార్థులు కారు. అయినా ఆ లేఖ లక్షణాలన్నీ తీర్పు వ్యాఖ్యవే. ‘లొంగిపోవడం’ వేరు, ‘సమ్మతించడం’ వేరు అన్న పదవివేచన దానికి ప్రాణం. 1983లో చట్టసవరణ రావడానికి దారితీసిన ఆందోళనలో ఆ లేఖకు ముఖ్యపాత్ర ఉంది. అందులో ‘కొందరి అభిప్రాయం’ వెనుక దాక్కున్న వాక్యం లేదు.

5. తెలుగులో రాస్తే ఏమవుతుంది?

సమత కేసులోని ‘పర్సన్’ను తెలుగు చేసి చూస్తే కొత్త ప్రశ్న పుడుతుంది. న్యాయ తెలుగులో దానికి స్థిరపడిన మాట ‘వ్యక్తి’. ప్రభుత్వం వ్యక్తి అంటే తెలుగు చెవి ఒప్పుకోదు. ఆ మాటను బట్టి చూస్తే పట్నాయక్ పక్షమే సహజమనిపిస్తుంది. కానీ తెలుగు వ్యవహారం అక్కడితో ఆగదు. ‘ఈ భూమి ఎవరిది?’ అని అడిగితే ‘సర్కారుది’ అని జవాబు వస్తుంది. ‘లీజు ఎవరిచ్చారు?’ అంటే ‘ప్రభుత్వం ఇచ్చింది’ అంటారు. జవాబులో క్రియ అమహద్వాచకానికి తగినట్టు ఉంటుంది, ప్రశ్నలో మాత్రం ‘ఏది’ రాదు, ‘ఎవరు’ వస్తుంది. అంటే తెలుగు వ్యాకరణంలో ప్రభుత్వం అమహత్తే అయినా, ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర, యాజమాన్యం దగ్గర ‘ఎవరు’ అన్న ప్రశ్న పరిధిలోకి వస్తుంది. నిబంధనను తెలుగులో ‘ఏ వ్యక్తి అయినా బదిలీ చేస్తే’ అని రాస్తే వివాదం యథాతథంగా ఉంటుంది. ‘ఎవరు బదిలీ చేసినా’ అని రాస్తే ప్రభుత్వం బయట నిలబడడానికి చోటు దొరకదు.

ఇంగ్లీషు మూలానికి తెలుగు వ్యాకరణం ప్రమాణం కాదన్న ఆక్షేపణ సహేతుకమే. న్యాయస్థానం వ్యాఖ్యానించింది ఆంగ్లపాఠాన్ని. అయితే చట్టం ఎవరిని కట్టడి చేస్తున్నదో, ఎవరికి భరోసా ఇస్తున్నదో వారు దానిని అర్థం చేసుకునే భాష కూడా వ్యాఖ్యకు విషయమే. అనంతగిరి రైతు తన భూమి గురించి తెలుగులోనో తన ఆదివాసి భాషలోనో ఆలోచిస్తాడు. ఇంగ్లీషులో మాత్రమే రాసే విద్యార్థికి ‘వ్యక్తి’కీ ‘ఎవరు’కీ మధ్య ఉన్న ఈ ఎడం కనిపించే అవకాశమే లేదు. ఆ విద్యార్థి పాడేరులో పుట్టినవాడైనా సరే.

తెలుగులో న్యాయాన్ని విమర్శించిన రచన లేదని చెప్పడం లేదు. విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ఆరు సారా కథలలో కోర్టును బోనెక్కించాడు. బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న పుస్తకంలో అరెస్టయినవాడి హక్కులను మామూలు పాఠకుడికి అందేలా చెప్పాడు. బాలగోపాల్ చట్టాలను, తీర్పులను హక్కుల కోణం నుంచి తెలుగులో విశ్లేషించాడు. వీటిలో దేనినీ న్యాయకళాశాల తీర్పు వ్యాఖ్యగా గుర్తించదు, తెలుగుశాఖ మొదటిదానిని మాత్రమే తనదనుకుంటుంది. బాలగోపాల్ గద్యం మీద న్యాయవ్యాఖ్యానశైలి దృష్టితో జరగవలసిన పరిశోధన చాలా ఉంది.

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం, పార్లమెంటు మరోవిధంగా చట్టం చేసేవరకు సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారభాష ఇంగ్లీషు. విద్యార్థిపత్రికలకు ఆ అధికరణం వర్తించదు. వాటిని ఇంగ్లీషుకు కట్టివేసింది చట్టం కాదు, ఉద్యోగావకాశాలు, విదేశీ విద్య, పరిశీలకుల లభ్యత. తెలంగాణ హైకోర్టు ధర్మాసనం 2023లో ఒక భూవివాదంలో తీర్పును తెలుగులో వెలువరించింది. ఆ తీర్పు వాక్యనిర్మాణాన్ని, పారిభాషికపదాల ఎంపికను పరిశీలించే అర్హత ఎవరికున్నది? న్యాయవిద్యార్థికి శాస్త్రం తెలుసు, తెలుగు పరిశోధకుడికి భాష తెలుసు. ఇద్దరూ కలిసి రాసిన వ్యాఖ్యను పంపడానికి మాత్రం స్థిరమైన చోటు లేదు. తెలుగు పరిశోధనపత్రికల సమర్పణనియమాలు కావ్యానికి, శాసనానికి, తాళపత్రానికి ఆధారం చూపే పద్ధతి చెబుతాయి. తీర్పుకు ఎలా చూపాలో చెప్పవు. సంపుటి, సంవత్సరం, పేరా సంఖ్య ఇస్తే సరిపోతుంది. బ్లూబుక్ వందల పుటలు మనకు అవసరం లేదు. పరిశీలకులలో ఒకరు న్యాయశాస్త్రం నుంచి, ఒకరు తెలుగు నుంచి ఉండాలన్న నియమం చేర్చడం కూడా సంపాదకవర్గం ఒక సమావేశంలో తేల్చగల విషయమే.

2019 నుంచి సుప్రీంకోర్టు యంత్రానువాద సాధనం ‘సువాస్’ సాయంతో తీర్పులను ప్రాంతీయభాషలలోకి తెస్తున్నది. ఆ భాషలలో తెలుగు కూడా ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల భూమి, ఉద్యోగాల గురించిన తీర్పులలో ముఖ్యమైనది 2020 నాటి చేబ్రోలు లీలాప్రసాదరావు కేసు. ఏజెన్సీ పాఠశాలల ఉపాధ్యాయ నియామకాలలో ఆదివాసులకు నూరుశాతం రిజర్వేషన్ కల్పించిన 2000 నాటి జీవో 3ను అందులో రాజ్యాంగధర్మాసనం కొట్టివేసింది. ఈ వరుసలోని తీర్పులను తెలుగు చేసేటప్పుడు ‘పర్సన్’ ఎక్కడ ‘వ్యక్తి’గా, ఎక్కడ ‘ఎవరైనా’గా మారవలసి ఉంటుందో, ఆ మార్పుతో ఎవరి భూమి ఏ వైపుకు జరుగుతుందో మూలం పక్కన పెట్టుకుని వాక్యం వాక్యంగా చూడవలసి ఉంది. తెలుగులో రాయదగిన మొదటి తీర్పు వ్యాఖ్యకు ఆ విషయం చాలు.